ఒక చుక్క ఎక్కువ

శివన్నగూడ సబ్‌స్టేషన్ రాత్రి డ్యూటీ బుక్కు
ఇంకా బీరువల్నే ఉంది.
పన్నెండు నలభై: రెండో ఫీడర్ ట్రిప్పు.
ఒకటి అయిదు: మళ్ల ఎక్కించిన. నిలవడ్డది.
ఒకటి యాభై: ముసలవ్వ మంచం కాడ, ఎడమ కోడు కింద
ఒక చుక్క ఎక్కువుంది.

అదే నీలి సిరా, అదే వంకర చెయ్యి.
పక్కకు ఏఈ సారు ఎర్ర గీత:
సంబంధం లేనివి రాయరాదు.

రాసింది జానయ్య.
మెడ లేవని మనిషి.
పుట్టినూరి బోరునీళ్లు ఎముకల్ల సున్నమై గడ్డకట్టి
గదుమ వచ్చి ఛాతికి ఆనింది.
ఎవలన్న పిలిస్తే తల తిరగదు,
మనిషే మొత్తం తిరుగుతడు
ఇరుకు సందుల లారీ మళ్లినట్టు.
ఆకాశం ఆయనకు
కుడితి గోలెంల, స్కూటర్ అద్దంల,
పల్లెంల మిగిలిన చారుల
ఎప్పుడూ కిందనే కనవడ్డది.

అందుకే అద్దం అరగదీసిండు.
ఎనిమిదించుల గాజు బిళ్ల, రెండేండ్లు,
ఆయిల్ డ్రమ్ము చుట్టూ తిరుక్కుంట రుద్దుకుంట.
"జానన్న దోసె పోస్తుండు" అని లైన్‌మెన్లు నవ్వేటోళ్లు.
పీవీసీ పైపుల బిగించి డాబా ఎక్కించిండు.
ఆ గొట్టంల మీదికి చూడాల్నంటే
తల ఎత్తే పనిలేదు.
వంగి, పక్క తూటుల కన్ను పెట్టాలె.
వంగుడు ఆయనకు పుట్టుకతోటే నేర్పిన ఇద్దె.

మూడో ఫీడర్ బంద్ చేసినంక
పదకొండు ఊళ్లు ఒక్క దమ్ముల ఆరిపోతయి.
వాళ్లు మా అమ్మల తిడుతుంటే
జానయ్య మెట్లు ఎక్కుతుండె, ఒక్కొక్క మెట్టు మీద ఆగుకుంట.
ఖదీర్ స్టూడియోల పెండ్లిళ్లకు తిప్పి తిప్పి
విసిగిన కెమెరా ఒకటి చంకల.

ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఆపలేదు కరెంటు, నేను సాక్ష్యం.
ఒక్క రాత్రి తప్ప.
ఒకటి యాభైకి ఇయ్యాల్సింది
ఒకటి యాభైనాలుగుకు ఇచ్చిండు.
నాలుగు నిమిషాలు ఎవలి మడో నోరు తెరుచుకోని చూసింది.
అది మాత్రం బుక్కుల రాయలే.
ఇయ్యాల నేను రాస్తున్న.

పుణె నుంచి మేడం జవాబు రాసింది:
రెండు కోట్ల ఏండ్ల దూరం.
పెద్ద నక్షత్రం. పేలి చచ్చిపోయింది. అభినందనలు.
జానయ్య ఆ కాగితం మడిచి
లైన్ క్లియర్ పుస్తకంల పెట్టిండు.
ఎవల చావో మొదలు చూసినందుకు
శభాష్ అంటే ఏం జెప్పాలె మనిషి?

వానకాలం పోయింది. చలి పట్టింది.
నడిరాత్రి దాటినంక మంచం మళ్ల లేచింది ఉత్తరాన,
కోడు కింద
అదే జాగల, మళ్ల మండుతున్నది
మొన్నటికంటె తెల్లగ.
కంట్రోల్ రూం తలుపు తోసుకోని వచ్చి
నన్ను లేపి అన్నడు:
"ట్రిప్పయింది రా. సావలే."

మేడం ఈసారి జవాబుకు పదిహేను రోజులు తీసుకున్నది.
చచ్చినట్టు కనవడే చుక్కలు కొన్ని ఉంటయట.
లోపల పట్టనిదంత బయటికి కక్కి,
పొర ఇడిసి, ఆరి, మళ్ల నిలవడుతయట.
అరుదట. ఎందుకో సరిగ్గ తెల్వదట.
తెల్వదు అని రాసిన ఆ లైను కింద
జానయ్య పెన్సిలుతోటి గీసుకున్నడు.

"ఏం కక్కుతదన్నా?" అని అడిగిన.
"ఏదేదో. మన బోరుల ఉన్నది గూడ
ఎప్పుడో ఏదో చుక్క కడుపుల వండిందేనట.
గీ చుక్క కాదు, దీని కులపోళ్లు ఎవలో."
మోకాళ్లు పిసుక్కుంట నవ్విండు.
"ఎంత దూరం అంటరు గని,
ఇగో, ఈడిదాంక వచ్చి ఆగింది."

నవ్వినంక చాలాసేపు మాట్లాడలే.
ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే గుణుగుతున్నది.

తెల్లారి ఆరుకు ఛార్జి నాకిచ్చిండు.
రిజిస్టర్ల ఎప్పటిలెక్కనే రాసినం:
టార్చిలైటు ఒకటి, సెల్లులు లేవు.
రబ్బరు తొడుగులు ఒక జత, ఎడమది చినిగింది.
ఎర్త్ రాడ్లు రెండు.
నేను కింద ఇంకో గీత కలిపిన:
చుక్క, ఒకటి ఎక్కువ. చూసుకున్న, ముట్టింది.
సంతకం పెట్టిన.

ఎర్ర సిరా ఇంకా రాలే.